ఫుల్ హెల్మెట్ లోపల ఇయర్‌బడ్స్ పెట్టుకుని బండి నడపొచ్చా? (అమలాపురం – రాజమండ్రి)

అమలాపురం_350

అందరికీ నమస్కారం. ఇల్లు అమలాపురం, ఉద్యోగం రాజమండ్రి. వారంలో చాలా రోజులు బండి మీదే వెళ్ళొస్తాను. కొత్తపేట మీదుగా రావులపాలెం దాకా మన రోడ్డు, అక్కణ్ణుంచి జొన్నాడ బ్రిడ్జి దాటుకుని హైవే. ఈమధ్యే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొన్నాను. అయినా హైవే మీద ఎనభై దాటితే చెవుల్లో ఒకటే హోరు. ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు కూడా గుయ్యిమంటూనే ఉంటుంది.

చెవి లోపలికి దిగే రకం ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే హోరు తగ్గుతుంది, పాటలూ వినొచ్చు, మ్యాప్ చెప్పేదీ వినొచ్చు అని ఆఫీసులో ఒకాయన అన్నారు. ఇంట్లో మాత్రం చెవులు మూసుకుని బండి నడపడమేంటని గొడవ. వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. పోలీసులు ఆపుతారా అన్నది కూడా తెలిస్తే చెప్పండి.

గట్టు_రోడ్డు

బాబూ, మాది లొల్ల. ఇంట్లో వాళ్ళ మాట వినండి.

మన గట్ల మీద అద్దం కన్నా చెవి ముందు పని చేస్తుంది. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క పల్లంలో చేలు, మధ్యలో ఒక బస్సు పట్టేంత తారు. వెనక వచ్చే బస్సు అద్దంలో కనపడేలోపు మలుపు అడ్డం వస్తుంది. హారన్ వినపడగానే ఎడమకి సర్దుకోవాలి, ఆ సర్దుకోవడానికి ఉన్న చోటు మూరెడు. హారన్ ముందే వింటే నిదానంగా జరుగుతాం. బస్సు వీపు మీదకి వచ్చాక వింటే ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పుతాం, టైరు కంకరలోకి దిగుతుంది. కాలవలో పడిన బళ్ళు చాలావరకు అలా పడినవే.

ఇక మంచు రోజుల సంగతి. ధనుర్మాసంలో తెల్లవారుజామున బొబ్బర్లంక నుంచి రావులపాలెం రండి. ముందు చక్రం తప్ప ఏమీ కనపడని చోట్లుంటాయి. గడ్డి వేసుకుని ముందు పోతున్న ట్రాక్టర్ ట్రక్కుకి వెనక లైటు ఉండదు. మొదట ఇంజిన్ డుగడుగ వినపడుతుంది. అది ఒకే తీరుగా ఉంటే మనతో పాటే పోతోందని, క్షణక్షణానికీ పెరుగుతుంటే ఎదురొస్తోందని తెలుస్తుంది. గడ్డి మోపు కళ్ళ ముందుకి వచ్చేది ఆ తర్వాతే. ఆ రోడ్డు మీద చెవిలో పాట పెట్టుకోమని నేనైతే ఎవరికీ చెప్పను.

తణుకు_టూరర్

గట్టు_రోడ్డు గారు చెప్పింది గట్టు వరకూ నూటికి నూరుపాళ్ళు నిజం. హైవేకి అది చాలదండి. ప్రశ్న అడిగిన తమ్ముడికి చెవులు గుయ్యిమంటున్నది ఇయర్‌ఫోన్ వల్ల కాదు కదా. ఏమీ పెట్టుకోకుండా వెళ్ళడం వల్లే.

60, 65 దాటాక మనకి వినపడే దాంట్లో ఇంజిన్ కన్నా సైలెన్సర్ కన్నా గాలి శబ్దమే ఎక్కువ. హెల్మెట్ కింద మెడ దగ్గరి ఖాళీలోంచి, గడ్డం కింది నుంచి గాలి సుడులు తిరుగుతుంది. ఖరీదైన హెల్మెట్ అయినా దీన్ని కొంతే ఆపుతుంది. 100 మీద వెళ్తుంటే హెల్మెట్ లోపల 95 నుంచి 100 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) దాకా ఉంటుంది. బండికి ముందు విండ్‌స్క్రీన్ ఉంటే తగ్గాలి కదా అనుకుంటాం. దాని పై అంచు నుంచి చెదిరిన గాలి సరిగ్గా గడ్డానికి తగిలితే ఇంకా పెరుగుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు సీటు మీద కాస్త నిటారుగా లేచి చూడండి. హోరు సన్నబడితే తప్పు స్క్రీన్ ఎత్తుది.

నేను సిద్ధాంతం బ్రిడ్జి నుంచి విశాఖ వైపు ఎటు వెళ్ళినా చెవుల్లో ఫోమ్ ప్లగ్స్, అంటే మెత్తటి స్పాంజి బిరడాలు, ఉంటాయి. పాటలు లేవు, ఫోన్ లేదు. ఒట్టి ప్లగ్స్.

స్కూటీ_పాలకొల్లు

ప్లగ్స్ పెట్టుకుంటే లారీ హారన్ వినపడుతుందా అన్నా? మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. పెద్ద క్లాసుల పిల్లల్ని బండి మీద పంపుతుంటారు, వాళ్ళ చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

వినికిడి_కాకినాడ

నేను వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. దీనికి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చెవికి శబ్దం తగలడంలో గట్టిదనం ఎంతో, ఎంతసేపు అన్నదీ అంతే. పని చేసే చోట 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్క. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ టైమ్ సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక గంట, 97కి అరగంట, 100కి పావుగంట. రావులపాలెం నుంచి రాజమండ్రి ఒక్క వైపు వెళ్ళేసరికే మీ రోజు కోటా అయిపోతోందని దీన్నిబట్టి తెలుస్తుంది. సాయంత్రం మళ్ళీ తిరిగి రావాలి.

లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాలు ఉంటాయి. గాలివానకి ఒరిగిన వరి మళ్ళీ లేచినట్టు, అవి ఒక రాత్రి నిశ్శబ్దం దొరికితే చాలావరకు తేరుకుంటాయి. రోజూ ఒరగ్గొడుతుంటే కొన్ని చచ్చిపోతాయి. మనిషిలో అవి మళ్ళీ పుట్టవు. గుయ్యిమనడం అంటే ఆ రోజు హద్దు దాటిందని.

ఇక హారన్. మన రూల్స్ ప్రకారం బండి హారన్ 93 నుంచి 112 డెసిబెల్స్ మధ్య ఉండాలి. హైవే వేగంలో ప్లగ్ గాలి హోరునీ హారన్‌నీ రెంటినీ తగ్గిస్తుంది. హోరు మీద హారన్ ఎంత పైకి ఉండేదో దాదాపు అంతే పైకి ఉంటుంది, అందుకే వినపడుతుంది. పైగా ప్లగ్ లేని చెవి ఆ హోరుకి అలిసిపోయి, గంట గడిచేసరికి సన్నని శబ్దాలు పట్టుకోలేదు.

అదే 30, 40 వేగంలో గట్టు మీద వెళ్తుంటే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ కప్పేయడానికి గాలి హోరు లేదు. ప్లగ్ పెడితే పోయేది మనకి కావలసిన చిన్న శబ్దాలే. సైకిల్ బెల్లు, గేదెల్ని తోలే మనిషి కేక, బాతుల మంద రోడ్డెక్కే చప్పుడు. అందుకని గట్టు_రోడ్డు గారూ, తణుకు_టూరర్ గారూ ఇద్దరూ చెప్పింది నిజమే.

అమలాపురం_350

చాలా థాంక్సండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి ప్లగ్ బదులు ఇయర్‌బడ్ అదే పని చేస్తే పాట చిన్నగా పెట్టుకోవచ్చు కదా? లేదా ఒక చెవికే పెట్టుకుంటే? రెండో చెవి ఖాళీగా ఉంటుంది.

వినికిడి_కాకినాడ

ఒక చెవి అన్నది చాలామంది నమ్మే మాట. నేను వద్దంటాను. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మెదడు తేల్చేది రెండు చెవులకీ అది చేరే టైమ్‌లో, గట్టిదనంలో ఉండే తేడాని బట్టి. ఒక చెవి మూస్తే హారన్ వినపడుతుంది, ఎటు నుంచో తెలియదు. ఎడమకి జరగాల్సిన చోట మెడ తిప్పి వెతుక్కుంటారు. హైవే మీద అయితే ఖాళీ చెవికి మొత్తం హోరు తగులుతూనే ఉంటుంది.

ఇయర్‌బడ్ సంగతి దాని బిగువుని బట్టి ఉంటుంది. సిలికాన్ లేదా ఫోమ్ టిప్ చెవి దారిని పూర్తిగా మూస్తే 20 డెసిబెల్స్ వరకూ తగ్గించొచ్చు. అప్పుడు 95 హోరు లోపల 75 అవుతుంది, మాట చిన్నగానే వినపడుతుంది. మూయని రకం, అంటే చెవి గుమ్మంలో వదులుగా కూర్చునే రకం, ఏమీ ఆపదు. మాట వినపడాలంటే హోరు మీదకి పెంచాలి, 95 మీద ఇంకో 5, 10. చెవులు పాడుచేసుకోవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. వాల్యూమ్‌ని బండి ఆగి ఉన్నప్పుడే, పక్క మనిషి మామూలుగా మాట్లాడితే వినపడేంతలో పెట్టి బయలుదేరండి. దారిలో పెంచాలనిపిస్తే బిగువు పోయిందని అర్థం. ఆగి సర్దుకోండి, బటన్ నొక్కకండి.

తణుకు_టూరర్

బిగువు పోవడం గురించి నేనూ ఒక మాట. హెల్మెట్ దించేటప్పుడు చెంప మెత్తలు ఇయర్‌బడ్‌ని లాగేస్తాయి. ముందు తల మీద పల్చటి బలక్లావా (తల, మెడ కప్పే గుడ్డ తొడుగు) వేసుకుని, ఆపైన హెల్మెట్‌ని రెండు పట్టీల దగ్గరా పట్టుకుని వెడల్పుగా లాగి దించితే కదలవు. కిందకి కాడలా వేలాడే రకం హెల్మెట్‌లో వద్దే వద్దు. పక్కకి పడినప్పుడు ఆ గట్టి కాడ మీద మొత్తం ఒత్తిడి పడుతుంది. చెవి గుంటలో మునిగిపోయే పొట్టి రకమే నయం.

నాయిస్ క్యాన్సిలింగ్ గురించి కూడా అడుగుతారు. ఒకే తీరుగా సాగే లోతైన రొదని అది బాగానే తగ్గిస్తుంది. కానీ మైకుకి గాలి తగిలితే బుడబుడమని శబ్దం చేస్తుంది. హెల్మెట్ బిగుతుగా ఉంటే పనికొస్తుంది, అద్దం సగం తెరిస్తే పనికిరాదు. బయటి శబ్దాన్ని లోపలికి పంపే మోడ్ హైవే మీద పెట్టకండి, గాలినే పెంచి వినిపిస్తుంది.

చెరువు_కబురు

అందరికీ నమస్తే. మాది ఆకివీడు వైపు. రొయ్యల చెరువులకి టెక్నీషియన్‌గా తిరుగుతాను. మీ అందరి మాటలూ బాగున్నాయి, కానీ నాది పాటల సమస్య కాదు. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగితే రైతు నాకే ఫోన్ చేస్తాడు. తెల్లవారకముందే ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య తేలిపోతుంది. ఫోన్ ఎత్తకపోతే ఒక పంట పోవచ్చు. అందుకే నా చెవిలో ఎప్పుడూ బ్లూటూత్ ఉంటుంది. చెరువు గట్ల మీద నేను వెళ్ళేది పాతిక వేగంలో. ఇది కూడా తప్పేనంటారా?

గట్టు_రోడ్డు

తప్పని అనడం కాదు తమ్ముడూ, మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, మా బావమరిదికీ చెరువులున్నాయి. కానీ ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు రోడ్డు మీద ఉంటారు, మనసు ఆ చెరువు మీద ఉంటుంది. జనరేటర్ వేశారా, ఆక్సిజన్ బిళ్ళలు చల్లారా అని అడుగుతూ మలుపు తిరుగుతారు. పాట దానంతట అది పోతుంది. ఫోన్లో మనిషి మాత్రం మీ దగ్గర నుంచి జవాబు అడుగుతాడు.

వినికిడి_కాకినాడ

ఈయన చెప్పిందే పరిశోధనల్లోనూ తేలింది. ఫోన్ చేత్తో పట్టుకున్నా, చెవిలో పెట్టుకుని మాట్లాడినా ధ్యాస చెదరడం దాదాపు ఒకటే. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని ధీమా వద్దు. కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, చూసింది మెదడుకి ఎక్కదు.

స్కూటీ_పాలకొల్లు

చెరువు_కబురు గారూ, మీ రోడ్ల మీద నేనూ తిరుగుతాను, మా పుట్టిల్లు అటే. పట్టుబడి రోజుల్లో, అంటే చెరువుల్లో చేపలు పట్టే రోజుల్లో, చేపల వ్యాన్లలోంచి నీళ్ళు కారి మలుపుల దగ్గర రోడ్డు నూనె పోసినంత జారుడుగా ఉంటుంది. దాని మీద వెళ్తూ టైరు జారుతున్న సంగతి నాకు ముందు తెలిసేది శబ్దంలోనే. పొడి రోడ్డు మీద టైరు చేసే గరగర ఒక్కసారి ఆగిపోతుంది. అప్పుడే బ్రేకు మీంచి వేళ్ళు తీస్తాను. కోతల టైమ్‌లో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి అంచున రాళ్ళు పెడతారు, ఉన్న సగంలోనే ఎదురుబళ్ళు రావాలి. అలాంటి చోట చెవిలో రైతు కంగారు మాటలుంటే ఎలా అన్నయ్యా.

రింగ్ మాత్రం వినపడేలా పెట్టుకోండి. వినగానే పక్కన ఆపి మాట్లాడండి.

రూల్సు_రాజోలు

పోలీసుల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం, బండి నడుపుతూ ఫోన్ లాంటి చేతి పరికరాలు వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకి వస్తుంది. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ. మూడేళ్ళ లోపు మళ్ళీ దొరికితే జరిమానా 10,000. 2020 అక్టోబరు 1 నుంచి రూల్స్‌లో చేర్చిన ఇంకో మాట ఏంటంటే, దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చు, అదీ నడిపేవాళ్ళ ధ్యాస చెదరకుండా.

ఇయర్‌ఫోన్ అన్న పేరు ఆ సెక్షన్‌లో విడిగా లేదు. అలాగని రోడ్డు మీద వాదించకండి. జనానికి ప్రమాదంగా నడపడం అన్నది అందులో ఉంది, చెవిలో వైరు కనపడితే ఆపుతారు. ఫోమ్ ప్లగ్ అయితే తీసి చూపించండి, అందులో వైరు లేదు, ఫోను లేదు.

2023లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే 20 వేలు ఫైన్ అని మన రాష్ట్రం పేరుతో వాట్సాప్‌లో తెగ తిరిగింది. అది నిజం కాదని రవాణా శాఖ అప్పుడే చెప్పింది. ఇప్పటికీ ఫార్వర్డ్ చేస్తున్నారు, నమ్మకండి.

పంటు_నర్సాపురం

నేను హెల్మెట్‌లో అమర్చే బ్లూటూత్ సెట్ వాడుతున్నాను. చెవి మూయదు, స్పీకర్ చెవి పక్కన ఉంటుంది. సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) దిగి అంతర్వేది రోడ్డు పట్టుకుంటే వేగం యాభై దాటదు కాబట్టి మ్యాప్ మాట చక్కగా వినపడుతుంది. హైవే ఎక్కితే మాత్రం ఫుల్ వాల్యూమ్ పెట్టినా అర్థం కాదు.

స్పీకర్ పెట్టడానికి చోటు లేదని ఒక షాపులో నా హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ని చాకుతో గీకేశారు. నేను వద్దనేలోపే ఒక వైపు అయిపోయింది. దెబ్బ తగిలితే నలిగి మన తలని కాపాడేది ఆ థర్మోకోలే. ఐఎస్ఐ మార్కు ఇచ్చింది గీకని హెల్మెట్‌కి. ఎవరూ గీకనివ్వకండి. చెవి దగ్గర ముందే గుంట ఉన్న మోడల్స్ దొరుకుతున్నాయి, అవి కొనుక్కోండి.

తణుకు_టూరర్

నర్సాపురం అన్నగారూ, హైవే మీద ఆ స్పీకర్ ఉంచుకునే చెవిలో ఫోమ్ ప్లగ్ పెట్టి చూడండి. నమ్మబుద్ధి కాదు గానీ మాట ఇంకా స్పష్టంగా వినపడుతుంది.

ప్లగ్ పెట్టడం చాలామందికి రాదు, బయటే అతికించుకుని పనిచేయట్లేదంటారు. చేతులు కడుక్కుని ప్లగ్‌ని వేళ్ళ మధ్య ముడత పడకుండా సన్నటి పుల్లలా చుట్టండి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి. అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. లోపలికి దూర్చి అరనిమిషం వేలితో అదిమి ఉంచండి, అది ఉబ్బుతున్నప్పుడు బయటి శబ్దం మెల్లగా దూరమవుతుంది. 3ఎమ్ 1100 అని నారింజ రంగువి దొరుకుతాయి, డబ్బా మీద 29 డెసిబెల్స్ అని ఉంటుంది. మన చేతుల్లో అందులో సగం దక్కినా చాలు.

స్కూటీ_పాలకొల్లు

చెవి దురద గురించి కూడా చెప్పండి మేడమ్/సార్. మా ఇంటి పక్క అబ్బాయికి రోజంతా ఇయర్‌బడ్స్ పెట్టుకుని చెవిలో ఫంగస్ వచ్చింది.

వినికిడి_కాకినాడ

మేడమే. మన డెల్టా ఉక్కకి ఇది మామూలు. చెమట, తడి, గాలాడని చెవి దారి, ఈ మూడూ కలిస్తే ఫంగస్‌కి మంచి చోటు. దురద, చెవి దిబ్బడ, తెల్లగానో నల్లగానో పొర కట్టడం దాని గుర్తులు. కొబ్బరి నూనె పోయడం, పిన్నీసు పెట్టి గోకడం చేయొద్దు. డాక్టరు శుభ్రం చేసి చుక్కలు ఇస్తారు. వానలో తడిసిన చెవిలో ప్లగ్ గానీ బడ్ గానీ పెట్టకండి, ఆరనివ్వండి. ఫోమ్ ప్లగ్ మురికి పట్టినా, నలిపితే తిరిగి ఉబ్బకపోయినా పారేయండి. ఒకరివి ఒకరు పెట్టుకోకూడదు. గులిమి ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు తీయించుకోవాలి, లేకపోతే ప్లగ్ దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది.

చెరువు_కబురు

అన్నీ చదివాను. గట్టు_రోడ్డు గారు అన్నది నిజమే, ఫోన్ వస్తే నాకు రోడ్డు గుర్తుండదు. రైతులందరికీ గ్రూపులో మెసేజ్ పెట్టాను. నేను బండి మీద ఉంటే రెండు రింగులకి ఎత్తను, ఆపి నేనే చేస్తాను, ఈలోగా జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పండి అని. ఫోన్ పక్క జేబులో, రింగ్ పెద్దగా పెట్టుకున్నాను. బ్లూటూత్ ఇంట్లో పెట్టేశాను.

అమలాపురం_350

నేను ప్లగ్స్ తెప్పించాను. అమలాపురం నుంచి రావులపాలెం దాకా చెవులు ఖాళీ. రావులపాలెంలో ఎలాగూ టీకి ఆగుతాను, అక్కడ పెట్టుకుని హైవే ఎక్కుతున్నాను. తిరిగొచ్చేటప్పుడు అక్కడే తీసేస్తాను. లారీ హారన్లు నిజంగానే వినపడుతున్నాయి, వెనక నుంచా పక్క నుంచా అన్నది కూడా తెలుస్తోంది. రోజూ వెళ్ళే దారే కాబట్టి మ్యాప్ మాట నాకు అక్కర్లేదు, పాటలు ఇంట్లో వింటాను. ఇంటి గొడవ కూడా సర్దుమణిగింది.

ఒక్కటి మిగిలింది మేడమ్. హోరు తగ్గింది గానీ రాత్రి పడుకునేటప్పుడు ఎడమ చెవిలో సన్నగా ఇంకా మోగుతోంది. ఆగుతుందా?

వినికిడి_కాకినాడ

ప్లగ్స్ మొదలుపెట్టాక రోజురోజుకీ తగ్గుతుంటే కొన్నాళ్ళు చూడండి. అలాగే ఉండిపోతే ఆడియోగ్రామ్ (వినికిడిని గీతగా చూపే పరీక్ష) తీయించుకోండి, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో చేస్తారు. శబ్దం వల్ల దెబ్బతింటే 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందకి దిగుతుంది, మామూలు మాటలు వినడంలో ఇంకా ఏ తేడా తెలియనప్పుడే అది కనపడుతుంది. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం తగ్గితే మాత్రం రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే వెళ్ళాలి. టెస్టుకి ముందు రోజు హైవే ఎక్కకండి, చెవికి ఒక రాత్రయినా విశ్రాంతి ఉండాలి. వెళ్ళేటప్పుడు బస్సులో వెళ్ళండి.